డీజిల్ కారు సిగ్నల్ దగ్గర వణుకుతోంటే, ఇంజన్ విప్పే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న సారం ఇది: నాలుగు సిలిండర్ల కామన్ రైల్ (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఒకే గొట్టంలో నిలిపి అన్ని సిలిండర్లకూ పంచే పద్ధతి) డీజిల్ కారు, సుమారు 1.3 లీటర్ ఇంజన్, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, సీటు వణుకుతున్నాయి. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. 1500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాటాక నున్నగా పోతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు టకటకమని శబ్దం. ఒక షెడ్డులో ఇంజన్ కూర్చునే మూడు రబ్బరు మౌంటింగులూ మార్చారు, వారం రోజులు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో షెడ్డులో "బోరు పోయింది, ఇంజన్ పని చేయించాలి" అన్నారు. చేయించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే చేయించకండి. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయిందని చెప్పడానికి మీరు రాసిన లక్షణాల్లో సాక్ష్యం ఏదీ లేదు. ఆయిల్ తగ్గుతోందని రాయలేదు, నీలం పొగ అని రాయలేదు, ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదనీ రాయలేదు. నేను చాలా ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్ల మీదే పనిచేశాను. ఇలాంటి బండ్లలో ఓనర్ డబ్బు ఎక్కువగా పోయేది అంచనా మీద మార్చిన పార్టుల దగ్గరే. మౌంటింగ్ మార్చి చూద్దాం, నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు) మార్చి చూద్దాం, క్లచ్ మార్చి చూద్దాం అంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అసలు తప్పు దొరకొచ్చు, కానీ అప్పటికి సగం బండి ఖరీదు అయిపోతుంది. వణుకు ఎక్కడ పుడుతోందో తేల్చుకోవడానికి అయ్యే ఖర్చు దానితో పోలిస్తే చాలా తక్కువ.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. వణుకు పుట్టే చోటు వేరు, అది మీ చేతికి చేరే దారి వేరు. మౌంటింగ్ రబ్బరు అనేది దారి మాత్రమే. అది దెబ్బతింటే ఇంజన్లో మామూలుగా ఉండే కంపనం కూడా బాడీలోకి వచ్చేస్తుంది. అది బాగున్నా, ఇంజన్లో ఒక సిలిండర్ సరిగ్గా పనిచేయకపోతే కొంతవరకే ఆపగలదు. కొత్త రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్లు మీకు తేడా కనిపించింది, తర్వాత పాత వణుకే బయటపడింది. అంటే పుట్టే చోటు ఇంకా అలాగే ఉందని నా అనుమానం. దాన్ని పట్టుకోవడానికి లెక్క ఒకటి ఉంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో సిలిండర్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పుడుతుంది. మీది నాలుగు సిలిండర్లు కాబట్టి చుట్టుకు రెండు మంటలు. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం, 850 ఆర్‌పీఎం అనుకుందాం. నిమిషానికి 1700 మంటలు, అంటే సెకనుకు సుమారు 28. ఈ 28 అనేది ఆరోగ్యంగా ఉన్న ఇంజన్లోనూ ఉంటుంది, దీన్ని మింగడమే మౌంటింగ్ పని. ఇప్పుడు నాలుగింటిలో ఒక సిలిండర్ బలహీనపడిందనుకోండి. నలుగురు మోసే పల్లకిలో ఒకరు కుంటినట్టు, ఆ లోటు రెండు చుట్లకు ఒకసారి తగులుతుంది. 850లో సగం 425, సెకనుకు సుమారు 7. మూడో రకం, తిరిగే భాగం బాలెన్స్ తప్పడం. క్రాంక్ పుల్లీ, ఫ్లైవీల్ (క్రాంక్ చివర ఉండే బరువైన చక్రం), క్లచ్ ప్రెషర్ ప్లేట్ లాంటివి చుట్టుకు ఒకసారి తోస్తాయి, సెకనుకు సుమారు 14.

ఈ మూడింటిలో మొదటి రెండూ చేతికి వేర్వేరుగా తెలుస్తాయి. 28 అయితే స్టీరింగ్‌లో జివ్వుమని సన్నటి కంపనం, డాష్‌బోర్డు ప్లాస్టిక్కులు కూడా మోగుతుంటాయి. 7 అయితే మనిషి ఊగుతాడు. వెనక అద్దంలో దృశ్యం ఊగడం, గేర్ రాడ్ అటూఇటూ ఆడటం కంటితో చూడొచ్చు. అప్పుడప్పుడు ఒక కుదుపు కూడా కలుస్తుంది. మనవాళ్లు "మిస్సింగ్ కొడుతోంది" అనేది దీన్నే. మీ అనుభవం దేనికి దగ్గరగా ఉందో గమనించండి. తేలకపోతే ఫోన్‌లో కంపనం కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీని బాగానే పట్టుకుంటుంది. ఫోన్‌ను సీటు పట్టా మీదో, గేర్ రాడ్ పక్కన గట్టి చోటో టేపుతో బిగించి, ఐడ్లింగ్‌లో ఒక నిమిషం రికార్డు చేసి, గ్రాఫ్‌లో ఎత్తుగా లేచిన గీత 7 దగ్గరుందా, 14 దగ్గరుందా, 28 దగ్గరుందా చూడండి. ఐడ్లింగ్ అసలు ఎంతో మీటర్‌లో చూసుకుని లెక్క సరిచేసుకోండి. బండి మూడు సిలిండర్లదైతే 28 బదులు చుట్టుకు ఒకటిన్నర మంట చొప్పున వేరే అంకె వస్తుంది.

మీరు చెప్పిన రెండు వివరాలు నన్ను 7 వైపే లాగుతున్నాయి. మౌంటింగుల మీద కూర్చున్న ఇంజన్‌కు సొంతంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది, కార్లలో అది సెకనుకు సుమారు 5 నుంచి 15 మధ్య పడుతుంది. ఒక సిలిండర్ బలహీనపడితే పుట్టే 7 సరిగ్గా ఆ మధ్యలో ఉంటుంది కాబట్టి చిన్న లోటు కూడా పెద్ద ఊగుడుగా కనిపిస్తుంది. 1500 దాటాక ఆ తోపుల వేగం సెకనుకు 12 దాటుతుంది, మీ ఇంజన్ సొంత వేగం 7 దగ్గర ఉంటే దానికి దూరంగా జరుగుతుంది, ఫ్లైవీల్ ఊపు కూడా తోడై తేడా అణిగిపోతుంది. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు మోయడానికి ప్రతి మంటా పెద్దదవ్వాలి. మూడు సిలిండర్లు పెద్దవై నాలుగోది వెనకబడితే తేడా ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ ఒక దారిలోనే ఉన్నాయి. అయినా నేను చెప్పానని నమ్మి నాజిల్ మార్చేయకండి, కొలవండి.

కొలిచే ముందు మౌంటింగులను ఒకసారి మళ్లీ చూడాలి, ఎందుకంటే కొత్తవి వేసినంత మాత్రాన సరిగ్గా వేసినట్టు కాదు. ఇలాంటి అడ్డం ఇంజన్ కార్లలో చాలావాటికి ఇంజన్ వైపు మౌంటింగ్ లోపల ద్రవం ఉంటుంది. దాని స్థానంలో బయట దొరికే గట్టి రబ్బరు ముక్క వేస్తే కంపనం పాతదానికంటే పెరుగుతుంది. మీ బండికి ఏది వచ్చిందో, ఇప్పుడు ఏది ఉందో పార్ట్ నంబరుతో సరిపోల్చండి. రెండోది బిగించిన పద్ధతి. జాకీ మీద ఇంజన్ పక్కకు లాగి ఉండగానే బోల్టులు టైట్ చేస్తే రబ్బరు ఎప్పుడూ మెలికపడే ఉంటుంది. బోల్టులన్నీ కాస్త వదులు చేసి, ఇంజన్ బరువు మౌంటింగుల మీదికి పూర్తిగా దించి, చేత్తో అటూఇటూ ఊపి అది తన చోటు తాను వెతుక్కున్నాక, మాన్యువల్లో ఉన్న టార్క్‌కు బిగించాలి. కింద వెనకవైపు టార్క్ రాడ్ అనే చిన్న మౌంటింగ్‌ను చాలామంది ఆఖర్న కాకుండా మొదటే బిగిస్తారు. దానివల్లే వణుకు వచ్చిన బండ్లు ఉన్నాయి. పనిలో పనిగా సైలెన్సర్ పైపు ఎక్కడైనా బాడీకి తగులుతోందా, దాని రబ్బరు హ్యాంగర్లు తెగాయా, వేడి తగలకుండా ఉండే రేకు షీల్డు బోల్టు ఊడిందా చూడండి. ఒకే ఒక ఆర్‌పీఎం దగ్గర ఝణఝణమని మోగి, కాస్త పైకైనా కిందికైనా పోతే ఆగిపోయే శబ్దం చాలాసార్లు ఈ రేకుదే.

ఇక సిలిండర్ల సంగతి. ఇంజన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న చోటికి వెళ్లండి. ఫాల్ట్ కోడ్‌లు మాత్రమే చదివి పంపిస్తే ఉపయోగం లేదు, ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడ్లింగ్‌లో "ఇంజెక్టర్ కరెక్షన్" విలువలు చూపించమని అడగండి. ఇంజన్ కంప్యూటర్ ప్రతి మంట తర్వాత క్రాంక్ ఎంత వేగం అందుకుందో చూసి, వెనకబడ్డ సిలిండర్‌కు కాస్త ఎక్కువ డీజిల్, ముందుకు దూకుతున్నదానికి కాస్త తక్కువ ఇచ్చి నాలుగింటినీ సమం చేయాలని చూస్తుంది. ఆ దిద్దుబాటు నాలుగు అంకెల్లో కనిపిస్తుంది. అన్నీ సున్నాకు అటూఇటూగా ఉంటే సిలిండర్లు సమంగా ఉన్నట్టు. మూడు చిన్నవిగా ఉండి ఒకటి ప్లస్‌లో పెద్దదిగా ఉంటే ఆ సిలిండర్ బలహీనం. మైనస్‌లో పెద్దది ఉంటే ఆ నాజిల్ ఎక్కువ డీజిల్ పోస్తోందని అనుమానం. హద్దు ఎంత అనేది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అందుకే మీ బండి మాన్యువల్ ప్రకారమే తీర్పు చెప్పాలి. ఆ నాలుగు అంకెలను ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి ఫోటో తీసుకోండి.

ఇక్కడ చాలా షెడ్లలో ఒక తొందర జరుగుతుంది. మూడో సిలిండర్ అంకె పెద్దదిగా ఉంది కాబట్టి మూడో నాజిల్ పోయింది అంటారు. ఆ సిలిండర్ వెనకబడిందని మాత్రమే అంకె చెబుతోంది, ఎందుకు వెనకబడిందో చెప్పదు. నాజిల్ సరిగ్గా పోయకపోయినా వెనకబడుతుంది, కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) తగ్గినా వెనకబడుతుంది. తేల్చడానికి మంచి పద్ధతి, అనుమానం ఉన్న నాజిల్‌ను బాగున్న సిలిండర్‌కు, అక్కడిది ఇక్కడికి మార్చడం. కొత్త కాపర్ వాషర్లు వేసి, నాజిల్ మీద ఉన్న కోడ్‌ను కంప్యూటర్ అడిగే బండి అయితే కోడ్‌లు కూడా తారుమారు చేసి, మళ్లీ అంకెలు చూడాలి. పెద్ద అంకె నాజిల్ వెంట వెళితే తప్పు నాజిల్‌ది. అక్కడే ఉండిపోతే తప్పు సిలిండర్‌ది. దీనికి ఒక పూట కూలీ, వాషర్ల ఖర్చు అవుతుంది. నాలుగు కొత్త నాజిళ్ల ఖరీదుతో పోల్చి చూడండి.

దానికంటే ముందు ఇంకా తేలికైన పరీక్ష రిటర్న్, అంటే నాజిల్ సిలిండర్‌లోకి పోయకుండా వెనక్కి పంపే డీజిల్, చూడటం. నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులు తీసి, నాలుగు ఒకేరకం సీసాలకు పారదర్శక గొట్టాలతో కలిపి, ఇంజన్‌ను రెండు నిమిషాలు నడపాలి. నాలుగింటిలో డీజిల్ దాదాపు సమానంగా చేరాలి. ఒక సీసా మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండితే ఆ నాజిల్ లోపలి వాల్వు అరిగి డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. అలాంటి నాజిల్ ఉన్న బండి పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ తీసుకుంటుంది కూడా, ఎందుకంటే రైల్‌లో ఒత్తిడి నిలవదు. మీకు స్టార్టింగ్ ఆలస్యమవుతోందో లేదో రాయలేదు, రాయండి.

ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక, ఇది నిజంగా ప్రాణానికి సంబంధించినది. పాత ట్రాక్టర్లు, లారీల పంపు ఇంజన్లలో మిస్సింగ్ పట్టుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. ఏ నట్టు వదిలితే ఇంజన్ చప్పుడు మారదో అది పనిచేయని సిలిండర్. ఆ ఇంజన్లలో నాజిల్ సుమారు 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) దగ్గర తెరుచుకుంటుంది. కామన్ రైల్‌లో ఒత్తిడి ఐడ్లింగ్‌లోనే కొన్ని వందల బార్, లోడులో 1600 బార్, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ. ఆ ఒత్తిడితో సన్నని ధారగా వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్క గాయంలా కనిపిస్తుంది, లోపల కణజాలం కుళ్లి వేలు తీసేయాల్సి రావొచ్చు. ఎవరికైనా అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, "డీజిల్ ఒత్తిడితో లోపలికి వెళ్లింది" అని డాక్టరుకు చెప్పాలి. కాబట్టి కామన్ రైల్ బండిలో ఇంజన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు ముట్టుకోకూడదు, లీకు ఉందేమోనని చేత్తో తడమకూడదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఆపిన తర్వాత కూడా ఒత్తిడి దిగే వరకు కొన్ని నిమిషాలు ఆగాలి. నాజిల్ కనెక్టర్ పీకి చూడటం కూడా మంచి అలవాటు కాదు. ఆ వైర్లలో షాక్ కొట్టే వోల్టేజీ ఉంటుంది, పీజో రకం (కరెంటుతో సాగే స్ఫటికంతో తెరుచుకునే) నాజిళ్లలో నడుస్తుండగా కనెక్టర్ పీకితే నాజిల్ తెరుచుకునే ఉండిపోయి డీజిల్ పోసేయవచ్చు, పిస్టన్ కాలిపోతుంది. స్కానర్‌లోనే ఒక్కో సిలిండర్‌ను ఆపి చూసే పరీక్ష ఉంటుంది, దాన్ని వాడమనండి.

రిటర్న్ సమానంగా ఉండి, నాజిల్ మార్చినా అంకె కదలకపోతే అప్పుడు కంప్రెషన్ చూడాలి. గ్లో ప్లగ్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి సిలిండర్‌ను వేడిచేసేది) రంధ్రం నుంచి గేజ్ పెట్టి నాలుగింటినీ కొలుస్తారు. మంచి డీజిల్ ఇంజన్లలో సుమారు 25 నుంచి 30 బార్ దాకా వస్తుంది, అసలు హద్దు మాన్యువల్లో ఉంటుంది. ఒక్కొక్క అంకెకంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే అయిదు బార్ తక్కువ ఉంటే దాన్ని వదిలేయకూడదు. పెట్రోల్ ఇంజన్లలో చేసినట్టు కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలవడం డీజిల్‌లో మోసం చేస్తుంది. పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ కాబట్టి పోసిన ఆయిలే ఆ ఖాళీని నింపి అంకెను పెంచేస్తుంది. దాని బదులు సిలిండర్‌ను టాప్ డెడ్ సెంటర్‌లో, అంటే వాల్వులు మూసుకుని పిస్టన్ పూర్తిగా పైన ఉన్న చోట, ఆపి, లోపలికి కంప్రెసర్ గాలి పంపి, ఎక్కడి నుంచి బయటికి వస్తోందో వినండి. ఆయిల్ పోసే మూత దగ్గర బాగా వినిపిస్తే రింగులు, బోరు. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ (సిలిండర్ల పైమూత) కింద ఉండే గ్యాస్కెట్. మీకు "బోరు పోయింది" అన్న మెకానిక్‌ను అడగాల్సింది ఇదే: ఏ సిలిండర్, ఎన్ని బార్, గాలి ఎటు పోతోంది? ఈ మూడింటికి జవాబు రాయించుకోకుండా హెడ్ మీద పానా పెట్టనివ్వకండి.

నాజిల్ చుట్టూ కూడా ఒకసారి టార్చి వేసి చూడండి. నాజిల్ కింద కాపర్ వాషర్ సరిగ్గా కూర్చోకపోతే మంట వాయువులు పక్క నుంచి లీకవుతాయి. చుఫ్ చుఫ్ మని శబ్దం, నాజిల్ మొదట్లో నల్లగా గట్టిపడ్డ తారు లాంటి మసి కనిపిస్తాయి. దాన్ని వదిలేస్తే నాజిల్ అక్కడే అతుక్కుపోయి తీసేటప్పుడు హెడ్ దెబ్బతింటుంది. చిన్న వాషరే, ఒకసారి వాడింది మళ్లీ వాడకూడదు, కొత్తది వేసేముందు కూర్చునే చోటు శుభ్రం చేసి బిగించాలి.

పొద్దున వచ్చే టకటక వేరే సంగతి కావొచ్చు, దాన్ని ఐడ్లింగ్ వణుకుతో కలిపేయకండి. ఎన్ని సెకన్లు లేక నిమిషాలు ఉంటుందో, ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు ఇంజన్ పక్కవైపు, అంటే బెల్టులు ఉండే చివర గరగరమని వచ్చి ఆగిపోతే టైమింగ్ చెయిన్ మీద అనుమానం పెట్టాలి. చెయిన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, ఒత్తిడి చేరేలోపు వదులు చెయిన్ కొట్టుకుంటుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లలో ఇది ఎక్కువ. ఆ సెకన్లు పెరుగుతూ పోతే, వేడెక్కాక కూడా వినిపిస్తే చెయిన్ కిట్ వాయిదా వేయకండి. అది పళ్లు దాటితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి. ఇంజన్ పైభాగంలో సన్నగా టిక్ టిక్ మని, క్రాంక్ వేగంలో సగం లయతో వచ్చి, కొన్ని నిమిషాలకు పోయేది హైడ్రాలిక్ ట్యాపెట్ (ఆయిల్ ఒత్తిడితో వాల్వు సందును సర్దే భాగం) శబ్దం. ముందు సరైన గ్రేడ్ ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి చూడండి. ట్యాపెట్ క్లియరెన్స్ చేత్తో సర్దే ఇంజన్లలోనైతే ఫీలర్ గేజ్‌తో కొలిచి సర్దితే తీరిపోతుంది.

ఇవి రెండూ కాకుండా ఇంజన్ అంతటా గట్టిగా టకటక, దానితోపాటు తెల్ల పొగ, వణుకు కలిసి వచ్చి వేడెక్కాక తగ్గితే అది మంట శబ్దమే. డీజిల్ నాజిల్ నుంచి పడ్డాక అంటుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ ఆలస్యం పెరిగితే అప్పటికి చేరిన డీజిల్ అంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది, అదే టక్ మనే దెబ్బ. చల్లటి ఇంజన్లో ఆలస్యం ఎక్కువ. దీన్ని తగ్గించడానికే కామన్ రైల్‌లో అసలు డీజిల్ పోసే ముందు చిన్న చుక్క పోస్తారు, పైలట్ ఇంజెక్షన్ అంటారు. నాజిల్ అరిగితే మొదట చెడేది ఆ చిన్న చుక్కే. నాజిల్ మార్చి దాని మీద ఉన్న కోడ్‌ను కంప్యూటర్‌లో రాయకపోయినా ఇదే జరుగుతుంది, కొత్త నాజిల్ వేసినా శబ్దం పెరిగిందని వచ్చే బండ్లలో చాలాసార్లు కారణం అదే. ఇంకో తేలిక కారణం గ్లో ప్లగ్. కనెక్షన్ తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే బాగున్నది ఒక ఓమ్‌కు అటూఇటూగా చూపిస్తుంది, కాలిపోయినది ఏమీ చూపించదు. ఇది పది నిమిషాల పని, ముందు దీన్నే చూడండి. కాలిన గ్లో ప్లగ్ తీసేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, బలవంతంగా తిప్పకూడదు, లోపల విరిగితే హెడ్ దించాల్సి వస్తుంది.

డీజిల్ నాణ్యత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (భారత్ స్టేజ్ 6 ప్రమాణం) డీజిల్ వచ్చింది, గంధకం 10 పీపీఎంకు మించకూడదు, సీటేన్ నంబరు కనీసం 51 ఉండాలి. ఆ సీటేన్ నంబరే అంటుకునే ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది. కిరోసిన్ లాంటివి కలిస్తే ఆలస్యం పెరిగి టకటక వస్తుంది, జారుడు గుణం తగ్గి పంపు, నాజిళ్లు అరుగుతాయి. ఎక్కడ నింపాక శబ్దం మారిందో గుర్తుంటే రాయండి. ఫిల్టర్ కింద ఉన్న స్క్రూ వదిలి నీళ్లు దించి చూడండి, సీసాలో కాసేపు నిలబెడితే నీరు అడుగుకు చేరి గీతలా కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చాక మొదలైన వణుకైతే గాలి చొరబడుతోందేమో చూడాలి. రైల్ పంపుకు వెళ్లే పైపులో ఒక ముక్క పారదర్శక గొట్టం పెడితే బుడగలు కనిపిస్తాయి.

ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్లోకి పంపేది) మసితో తెరుచుకుని ఉండిపోతే కూడా ఐడ్లింగ్ ఊగుతుంది, నల్ల పొగ తోడుంటుంది. విప్పి శుభ్రం చేసి చూడొచ్చు. శాశ్వతంగా రేకు పెట్టి మూసేయడం మాత్రం వద్దు, పొగ నియమాలకు విరుద్ధం, ఇంజన్ లైటు కూడా వెలుగుతుంది.

మీరు క్లచ్ గురించి ఏమీ రాయలేదు, అయినా ఒక్క నిమిషం పని చేసి చూడండి. న్యూట్రల్‌లో, ఐడ్లింగ్‌లో క్లచ్ పూర్తిగా నొక్కండి. శబ్దం ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ లేదా గేర్ల గలగల. నొక్కినప్పుడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్. మీ బండిలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే ఫ్లైవీల్) ఉందో లేదో పార్ట్ నంబరుతో కనుక్కోండి. ఉంటే, అది అరిగినప్పుడు ఇంజన్ ఆపే క్షణంలో ఢబ్ ఢబ్ మని కొట్టుకుంటుంది, ఐడ్లింగ్‌లో గలగలమంటుంది. దాని బదులు మామూలు ఫ్లైవీల్ వేయించుకుంటే చవక అని కొందరు చెబుతారు. మంట మంటకూ వచ్చే కుదుపు అంతా అప్పుడు గేర్‌బాక్సుకు చేరుతుంది, నేను ఆ పని సలహా ఇవ్వను. బెల్టు వైపు అనుమానముంటే బెల్టు తీసి అర నిమిషం నడిపి వినండి. వాటర్ పంపు అదే బెల్టుతో తిరిగే బండి అయితే అంతకంటే ఎక్కువసేపు నడపకండి. శబ్దం పోతే ఆల్టర్నేటర్ పుల్లీ, టెన్షనర్, ఏసీ కంప్రెసర్‌లలో ఏదో ఒకటి. క్రాంక్ పుల్లీకి లోపలి రింగుకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. రెండింటి మీదుగా సుద్దతో ఒక గీత గీసి కొన్ని రోజుల తర్వాత చూడండి, గీత విరిగినట్టు పక్కకు జరిగి ఉంటే ఆ రబ్బరు ఊడింది. ఆ పుల్లీ క్రాంక్ మెలిక కంపనాన్ని అణచడానికే ఉంది, వదిలేస్తే క్రాంకుకే ప్రమాదం.

శబ్దం చోటు పట్టుకోవడానికి మెకానిక్ స్టెతస్కోపు కొనుక్కోవడం మంచిది, ఖరీదు తక్కువ. పొడుగు స్క్రూ డ్రైవర్ పిడిని చెవికి ఆనించినా పనిచేస్తుంది. చొక్కా చేతులు, మెడలో గొలుసు, కండువా బెల్టులకు దూరంగా ఉంచుకోండి. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది.

ఒక్క రకం శబ్దం వింటే మాత్రం పరీక్షలన్నీ పక్కన పెట్టి ఇంజన్ ఆపేయాలి. లోడు పెట్టినప్పుడు, రేజ్ చేసినప్పుడు కిందభాగం నుంచి లోతుగా టొక్ టొక్ మని వస్తే, స్కానర్‌లో ఆ సిలిండర్ ఆపినప్పుడు తగ్గితే, అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్. దానితో ఆయిల్ లైటు కూడా మినుకుతుంటే ఇంటిదాకా కూడా నడపకండి, లాగించి తీసుకెళ్లండి. బేరింగ్ దశలో ఆగితే బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్‌తో పోతుంది. రాడ్ విరిగితే బ్లాకే పోతుంది. మీ వర్ణనలో ఇది కనిపించడం లేదు, కానీ ఫోన్‌లో విని చెప్పే మాటల మీద ఇది తేల్చకూడదు.

నాజిల్‌ది తప్పని తేలితే, టెస్ట్ బెంచ్ ఉన్న పంపు షాపుకే ఇవ్వండి. విప్పకముందు ఎంత పోస్తోంది, ఎంత వెనక్కి వదులుతోంది, చేశాక ఎంత అనే రెండు రిపోర్టులూ అడగండి. ఐడ్లింగ్, పైలట్ పాయింట్లు రెండూ అందులో ఉండాలి. ఫుల్ లోడులో మాత్రమే చూసి బాగుందంటే మీ సమస్యకు అది జవాబు కాదు. పైపులు విప్పగానే మూతులకు టోపీలు పెట్టాలి, దుమ్ము రేణువు ఒకటి చాలు కొత్త నాజిల్ చెడటానికి. ఒక్క నాజిల్ చెడితే నాలుగూ మార్చాలని ఎవరైనా అంటే, మిగతా మూడింటి రిపోర్టులు చూసి మీరే నిర్ణయించుకోండి.

ముందు గ్లో ప్లగ్, ఫిల్టర్ నీళ్లు, మౌంటింగ్ పార్ట్ నంబర్లు చూడండి. తర్వాత స్కానర్ దగ్గర నాలుగు కరెక్షన్ అంకెలు, ఏసీతో ఒకసారి, లేకుండా ఒకసారి. రిటర్న్ సీసాలు నాలుగూ పక్కపక్కన పెట్టిన ఫోటో. పొద్దున శబ్దాన్ని బానెట్ తెరిచి, ఫోన్ ఒకసారి బెల్టుల వైపు, ఒకసారి గేర్‌బాక్సు వైపు పెట్టి రికార్డు చేయండి. ఐడ్లింగ్ ఆర్‌పీఎం, పొగ రంగు, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మారుస్తున్నారో కూడా రాయండి. ఇవి ఇక్కడ పెడితే, నాజిల్ దించాలా, గేజ్ పెట్టాలా, అసలు ఏదీ విప్పకుండా సరిపోతుందా అనేది చెప్పగలను.